పెళ్ళయినవాళ్ళ జాబితా

రాజమండ్రి,
1 జులై 2025, మంగళవారం.

చిరంజీవి హరిచందనని మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మీ అత్తయ్య మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. అక్కడ నువ్వూ, మా చెల్లెలు వరహాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కులాసా కబుర్లు అయిపోయాయి. ఇంక పోట్లాట.

పోయిన నెల నువ్వొచ్చి మన వివాహ పరిచయ వేదిక కంప్యూటర్లో మీ ఆఫీసువాళ్ళదేదో ఎక్కించి వెళ్ళావు. పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు మామయ్యా, మామూలు తెలుగులో అడగండి, అదే వెతికి పెడుతుంది అన్నావు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి, ఇరవయ్యేళ్ళుగా కాణీ పుచ్చుకోకుండా ఊళ్ళోవాళ్ళకి సంబంధాలు చూస్తున్నవాణ్ణి, అడగడం నాకు రాదా అనుకున్నాను. 'అమ్మా, కాకినాడ చుట్టుపక్కల ఉద్యోగం చేస్తున్న ఇంజనీరు కుర్రాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమ్మా' అని మర్యాదగానే అడిగాను. పద్నాలుగు పేర్లిచ్చింది. మొదటి పేరు విష్ణు, మండపేట అచ్చిబాబుగారబ్బాయి, వయసు ఇరవయ్యారు. బాగానే ఉందని రామచంద్రపురం పిల్ల జాతకం పెట్టి అచ్చిబాబుగారికి ఉత్తరం రాశాను.

నిన్న ఆయన స్వయంగా వచ్చాడు. చెరో పక్కా విష్ణు పిల్లలు ఇద్దరు. 'మాస్టారూ, రెండో పెళ్ళి చెయ్యమంటే చేస్తాం గానండీ, వీళ్ళిద్దర్నీ ఎవరికి అప్పజెప్పమంటారు?' అన్నాడు. ఆ సంబంధం తొమ్మిదేళ్ళ కిందట నేను కుదిర్చిందే. ఆ పెళ్ళిలో పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నాను కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

మీ ఆఫీసులో కూచుని నా ప్రశ్నలకి జవాబులు పంపిస్తున్న ఆ అమ్మాయి ఎవరో గానీ, ఆవిణ్ణి కాస్త చూసి రాయమని చెప్పు. గట్టిగా కోప్పడకు, కొత్తపిల్లయి ఉంటుంది.

ఫోను చెయ్యకు. నా చెవులకి ఫోనులో మాట ఈగల మోతలా ఉంటోంది. ఉత్తరమే రాయి.

మీ మామయ్య,
ఆంజనేయులు.

*

కాకినాడ,
5 జులై, శనివారం.

మామయ్యకి నమస్కారాలు.

అత్తయ్య మోకాళ్ళకి అమ్మ ఏదో తైలం పంపిస్తానంటోంది. వద్దని చెప్పండి. పోయినసారి పంపిన తైలంతో మీ దుప్పట్లు పాడైపోయాయని అత్తయ్య నాతో అంది, అమ్మతో అనలేదు.

మా ఆఫీసులో అమ్మాయెవరూ లేదు మామయ్యా. మీరు రాసిన వాక్యాన్ని ఏఐ చదివి, కంప్యూటర్ భాషలోకి మారుస్తుంది. దాన్ని క్వెరీ అంటాం. తెర అడుగున ఇంగ్లీషులో రెండు లైన్లు కనపడుతుంటాయి చూడండి, అదే. ఆ క్వెరీ వెళ్ళి మీ గుమాస్తా సూర్యకళ టైపు చేసిన పట్టికలో వెతికి పేర్లు ఏరుకొస్తుంది. పట్టికలో ఏముందో అంతవరకే దానికి తెలుసు. మీరు పనసపొట్టు కూర తిన్న సంగతి అందులో లేదు.

వయసు సంగతి సరిచేశాను. పేరు నమోదైన ఏటి వయసునే చెప్పేది, ఇకమీదట పుట్టిన తేదీ చూసి లెక్క కడుతుంది. పెళ్ళి సంగతి సూర్యకళకి ఫోన్ చేసి అడిగాను. 'మాస్టారు ఎవరి పేరూ కొట్టెయ్యనివ్వరండీ. పెళ్ళిళ్ళ పుస్తకంలో పేరు కొట్టేస్తే అశుభమంటారు. పెళ్ళయితే పేజీకి పసుపు గుర్తు పెడతారండి. నేను టైపు చేసేటప్పుడు గుర్తు అని ఒక గడి పెట్టి, పేజీ మీద గుర్తుంటే ఉంది అనీ, లేకపోతే లేదు అనీ కొట్టానండి. జాబితా తీసేటప్పుడు గుర్తున్నవాళ్ళని వదిలేస్తానండి' అంది. ఆ పిల్లకి తెలిసింది మా యంత్రానికి తెలీదు, అదీ గొడవ. అందుకని 'గుర్తు ఉంటే పెళ్ళయినట్టు' అని ఏఐకి ఒక నోట్ రాసి పెట్టాను. ఇంక అచ్చిబాబుగారు మళ్ళీ రారు.

ఇంకో మాట. పెద్దాపురం సంబంధం గురించి అమ్మ మీకు ఎప్పుడో ఒకప్పుడు చెప్తుంది, నేనే ముందు చెప్తున్నాను. ఉదయభాస్కర్‌గారని, కాలేజీలో లెక్చరర్. నలభై ఆరేళ్ళు. భార్య పోయి మూడేళ్ళయింది, పదో తరగతి చదివే కూతురుంది. మనిషి మంచివారే, మాటా మర్యాదా ఉన్నాయి. మరిడమ్మ జాతర అయిపోగానే శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుందామంటున్నారు. ఈలోగా నేను ఊ అనాలి. నాకు మనసు లేదు. ఎందుకు లేదో అడగకండి.

అమ్మ మాత్రం ఒకటే మాట. పదకొండేళ్ళుగా పేరు మామయ్య పుస్తకంలో ఉంది, ఒక్కళ్ళూ అడగలేదు, ముప్పై నాలుగొచ్చాయి, ఇంక ఎవరి కోసం చూస్తావు అంటుంది.

మీ మేనకోడలు,
చందన.

*

రాజమండ్రి,
10 జులై, గురువారం.

చి. చందనకి,

మీ అమ్మ తైలం సీసా నిన్న వచ్చేసింది. దాని సంగతి మీ అత్తయ్య చూసుకుంటుంది.

నువ్వు ఎవరూ లేరంటున్నావు గానీ నాకు నమ్మకం కలగడం లేదు. మొన్న 'మంచి కుర్రాళ్ళు ఎవరున్నారమ్మా' అని అడిగితే, 'మంచి అంటే మీ ఉద్దేశం చదువా, ఉద్యోగమా, కుటుంబమా' అని ఎదురు అడిగింది. ఇరవయ్యేళ్ళలో నా దగ్గరికొచ్చిన ఆడపిల్లల తండ్రులు ఒక్కళ్ళు కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. మనిషి కాకపోతే అంత తెలివి ఎక్కడిది? సరే, ఎవరైతేనేం, ఇప్పుడు సరిగ్గానే చెప్తోంది. ఆషాఢంలో మనకి ఎలాగూ పని ఉండదు, కూచుని అడుగుతున్నాను.

పెద్దాపురం సంగతి చదివి మనసు కలుక్కుమంది. అమ్మాయ్, నీ పేరు ఆరో పుస్తకంలో ఉంది. నేనే నా చేత్తో రాశాను. మన వేదిక పద్ధతి నీకు తెలుసు. జాబితా సూర్యకళ తీసిస్తుంది, అందులో ఎవరున్నారో నేను చూడను. చూస్తే పక్షపాతం వస్తుంది. వచ్చినవాళ్ళు ఒక పేరు మీద వేలు పెట్టి చూపిస్తే అప్పుడు మాట్లాడతాను. మనింటి పిల్లని మనమే పొగుడుకుంటే తూకం చెడిపోతుంది. అందుకే ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని, ఎవరైనా నీ పేరు మీద వేలు పెడతారేమోనని చూస్తూ కూచున్నాను. ఎవరూ పెట్టలేదు. జనానికి కళ్ళు లేవనుకున్నాను. ఇంతకంటే నాకూ తెలీదు.

మనసు ఎందుకు లేదో అడగొద్దన్నావు. అడగను. అయినా ఎందుకు లేదు?

దసరాకి మన వేదిక పెట్టి ఇరవయ్యేళ్ళు. ఇక్కడ కుదిరి పెళ్ళయినవాళ్ళందర్నీ పిలిచి భోజనాలు పెట్టాలని ఉంది. వాళ్ళ పేర్లన్నీ ఆ అమ్మాయిని అడుగుతాను.

మామయ్య.

*

రాజమండ్రి,
16 జులై, బుధవారం.

చి. చందనకి,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఆగలేకపోయాను.

'మన పుస్తకాల్లో పెళ్ళయినవాళ్ళందరి పేర్లూ అక్షరక్రమంలో ఇవ్వమ్మా' అని అడిగాను. పంతొమ్మిది వందల పన్నెండు పేర్లిచ్చింది. సూర్యకళ ముప్పై రెండు పేజీలు అచ్చు తీసి పెట్టింది. మూడు రోజులు కూచుని ప్రతి పేరూ చదివాను. ఎంతమందిని కలిపానురా అని కళ్ళనీళ్ళు తిరిగాయి. చాలామంది సంగతులు జ్ఞాపకం వచ్చాయి. చివరి పేజీలకి వచ్చేసరికి నీ సంగతి కూడా తెలిసిపోయింది.

ఎలా తెలిసిందో విడమరచి రాయను. రాస్తే నీకు చిన్నతనంగా ఉంటుంది. మనసు లేదు, ఎందుకు లేదో అడగకండి అని నువ్వు రాసిన ముక్క అప్పుడు అర్థమయింది. ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే నేను కాదంటానా? అని బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, బాధ నాదే గానీ తప్పు నీది కాదనిపించింది.

జరిగింది మంచికే. ఆశీర్వదిస్తున్నాను. పెద్దాపురం సంగతి నాకు వదిలెయ్, మీ అమ్మతో నేను మాట్లాడతాను. వచ్చే బుధవారం అన్నవరంలో నీ పేరునా అతని పేరునా సత్యనారాయణ వ్రతం చేయిస్తాం, నేనూ మీ అత్తయ్యా పీటల మీద కూచుంటాం. అతని గోత్రం రాసి పంపు. అబ్బాయిని ఎప్పుడు తీసుకొస్తావు? మీ అత్తయ్య అప్పుడే బొబ్బట్లకి పప్పు తెప్పించింది.

మామయ్య.

*

కాకినాడ,
19 జులై, శనివారం.

మామయ్యా,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి పనిచేసుకున్నాను.

నా సంగతి మీకెలా తెలిసిందో నాకూ తెలుసు. అమ్మ నాకు తెలియకుండా మీకు ఉత్తరం రాసి ఉంటుంది. తైలం సీసాతో పాటు పంపిందేమో. మీరూ అమ్మా కలిసి ఖాయం చేసేశారన్నమాట. వ్రతం కూడానా? ఆయన గోత్రం అమ్మకే తెలుసు, నేను అడగలేదు. అబ్బాయి అని రాశారు, నలభై ఆరేళ్ళాయన్ని అబ్బాయి అనడం మీకే చెల్లింది.

మనసు లేదని ఈ ప్రపంచంలో ఒక్కళ్ళకే చెప్పుకున్నాను. మీరైనా అడ్డం పడతారనుకున్నాను. ఆయన మంచివారు కారని కాదు. ఆయన కూతురు నాతో మాట్లాడినంతసేపూ తల దించుకునే ఉంది, ఆ పిల్లకీ మనసు లేదు. నాకు వేరే ఎవరి మీదా మనసు లేదు మామయ్యా, అదేమైనా ఉంటే బాగుండేది, గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉండేది. ఇక ఎవరూ రారు కాబట్టి ఈయన్ని చేసుకోవడం, అదొక్కటే నా వల్ల కావడం లేదు.

మీరే ఆశీర్వదిస్తే ఇంక నేనెవరి దగ్గరికి వెళ్ళను? గురువారం జాతర అయిపోతుంది. ఆ రోజు అమ్మకి ఊ అనేస్తాను. పదకొండేళ్ళలో ఒక్కళ్ళు కూడా వేలు పెట్టని పేరుకి ఇంతకంటే ఏం వస్తుంది?

చందన.

*

రాజమండ్రి,
21 జులై, సోమవారం.

చందనా,

పోస్టు మీద నమ్మకం లేక ఇది ఆర్టీసీ కార్గోలో వేయిస్తున్నాను. రేపటికి నీ చేతికి రావాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అత్తయ్య కూడా చదివింది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊ అంటానంటావేమిటే? పెళ్ళయిన పిల్లవి మళ్ళీ తాంబూలాలు పుచ్చుకుంటావా? వేరే ఎవరి మీదా మనసు లేదంటావు, మరి ఎవరిని చేసుకున్నట్టు? అతనితో ఏమైనా గొడవయిందా? పోనీ ఎవరైనా బెదిరిస్తున్నారా? ఏదైనా సరే నాతో చెప్పు. మీ అమ్మ నాకేమీ రాయలేదు, సీసా మూతకి చుట్టిన కాగితం కూడా విప్పి చూశాను, పాత క్యాలెండరు ముక్క.

నేను ఇంక దాచను. ముప్పై ఒకటో పేజీ ఇందులో పెడుతున్నాను. పైనుంచి పదిహేడో పేరు చూడు. హరిచందన, కాకినాడ, ఆరో పుస్తకం. పెళ్ళయినవాళ్ళ జాబితాలో నీ పేరుంది. నువ్వే చెప్పి ఉంటావనుకున్నాను, నువ్వు పెట్టిన యంత్రమేగా. నాకు చెప్పలేక దానికి చెప్పుకున్నావనుకున్నాను.

బుధవారం వ్రతానికి మేం రేపు ఉదయమే అన్నవరం వెళ్తున్నాం. గోత్రం తెలీకపోతే స్వామి పేరే చెప్పి కానిస్తాం. తొందరపడి ఎవరికీ ఏమీ అనకు.

మామయ్య.

*

రాజమండ్రి, మీ కుర్చీలోంచే,
23 జులై, బుధవారం.

మామయ్యా,

మీరు అన్నవరంలో పీటల మీద కూచున్న వేళకి నేను మీ బల్ల దగ్గర కూచుని ఇది రాస్తున్నాను. కార్గో నిన్న మధ్యాహ్నం అందింది. పొద్దున్నే సెలవు పెట్టి బస్సెక్కాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని మొగుడికి మీరు వ్రతం చేస్తున్నారు. దార్లో నవ్వుకుంటూనే వచ్చాను. ఇక్కడికి వచ్చాక నవ్వు రాలేదు.

నాకు పెళ్ళి కాలేదు. ఎవరితోనూ కాలేదు. ముందు అది అత్తయ్యకి చెప్పండి.

వచ్చీ రాగానే యంత్రాన్ని అడిగాను. 'కాకినాడ హరిచందనకి పెళ్ళయిందా?' అయిందంది. 'ఎలా తెలుసు?' అన్నాను. ఆవిడ పేరు ఎదురుగా గుర్తు ఉంది, గుర్తు ఉంటే పెళ్ళయినట్టని మీరే నోట్ రాశారు అంది. నా మాట నాకే అప్పజెప్పింది. సరే, సూర్యకళ పొరపాటున కొట్టిందేమోనని ఆరో పుస్తకం తెప్పించాను. నూట పన్నెండో పేజీ. పసుపు లేదు. నా పేరు పక్కన పైనుంచి కిందిదాకా స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత ఉంది. గీత పక్కన చిన్న అక్షరాలతో 'మణి' అని ఉంది. చేతిరాత మీది.

సూర్యకళని అడిగితే బిక్కమొహం వేసింది. 'ఎర్ర గీత కూడా గుర్తేగదండీ. పసుపున్న పేర్లూ, గీతున్న పేర్లూ ఎవరికీ చూపించొద్దని తొమ్మిదేళ్ళ కిందట నేను చేరినప్పుడే మాస్టారు చెప్పారండి. మీరు మాస్టారింటి పిల్లగదండీ, ఆయనే చూసుకుంటున్నారనుకున్నానండి' అంది.

అప్పుడు ఇంకొకటి అడిగాను. ఇప్పటిదాకా జనానికి ఇచ్చిన జాబితాల నకళ్ళన్నీ కంప్యూటర్లో ఉన్నాయిగా. 'ఎన్ని జాబితాల్లో హరిచందన పేరు వెళ్ళింది?' అని టైపు చేశాను. సున్నా అంది. నమ్మలేక ఇంకో రకంగా అడిగాను. కింద ఇంగ్లీషు లైన్లు చదివి క్వెరీ తప్పేమో చూశాను. తప్పు లేదు. కంప్యూటర్ రాకముందు చేత్తో రాసిన కార్బన్ కాపీలు కూడా ఇద్దరం తిరగేశాం. వాటిలోనూ లేదు.

మామయ్యా, నా ఫొటో మూడుసార్లు మార్చాం. కళ్ళద్దాలు తీసి ఒకటి, చీరలో ఒకటి, జడ ముందుకి వేసుకుని ఒకటి. చదువు ఎక్కువైందేమోనని అమ్మ నా రెండో డిగ్రీ కాగితంలోంచి తీసేయించింది. ఎవరికి నచ్చలేదో, ఏం నచ్చలేదో అని పదకొండేళ్ళు నాలో నేనే లెక్కలేసుకున్నాను. ఆఫీసులో ఎవరి పెళ్ళి కార్డు వచ్చినా అందరికంటే ముందు నేనే నవ్వడం నేర్చుకున్నాను. ఆ కాగితాలు ఈ గది దాటనే లేదు.

ఇక్కణ్ణుంచే అమ్మకి ఫోన్ చేసి పెద్దాపురం వద్దని చెప్పేశాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. గీత సంగతి అమ్మకి చెప్పలేదు. ఆ గీత ఏమిటో మీరు చెప్పండి. ఉత్తరం మీ బల్ల మీద, పుస్తకం మీద పెట్టి వెళ్తున్నాను. పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది.

చందన.

*

రాజమండ్రి,
26 జులై, శనివారం.

అమ్మా చందనా,

మూడు రోజులుగా కాగితం ముందేసుకుని కూచుంటున్నాను. మొదట నీ యంత్రాన్ని తిడుతూ రెండు పేజీలు రాశాను, చింపేశాను. తర్వాత సూర్యకళని తిడుతూ ఒకటి రాశాను, అదీ చింపేశాను. ఆ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. యంత్రానికి నోట్ రాసింది నువ్వు, గడి పెట్టింది తను, గీత గీసింది నేను. మొదటివాణ్ణి నేనే.

నువ్వు పుట్టిన పదకొండో రోజున మా అమ్మ నిన్ను మా అబ్బాయి మణిశంకర్ ఒళ్ళో పడుకోబెట్టి, ఇది నీ పెళ్ళామేరా అంది. వాడికి నాలుగేళ్ళు. అందరం నవ్వాం. మేనరికం మన ఇళ్ళల్లో కొత్త కాదు. ఇలా మాటనుకున్న పిల్లల పేర్లు కూడా తల్లులు తెచ్చి మన పుస్తకంలో రాయిస్తుంటారు, రేపు ఏమవుతుందో అని. అలాంటి పేర్ల పక్కన నేను ఎర్ర గీత గీసి బావ పేరు రాస్తాను. బయటివాళ్ళకి చూపించకూడదని. మాటైన పిల్లని ఊళ్ళో తిప్పితే రెండిళ్ళకీ మర్యాద కాదని నా ఉద్దేశం. రెండు వేల పద్నాలుగులో మీ అమ్మ నీ కాగితం తెచ్చి ఇచ్చినప్పుడు నీకూ గీశాను. సంతోషంగా గీశాను.

రెండు వేల పద్దెనిమిదిలో మణి బెంగుళూరులో తనకి నచ్చిన పిల్లని చేసుకున్నాడు. పుస్తకంలో వాడి పేజీకి పసుపు కూడా నేనే పెట్టాను. మీ అమ్మ నా దగ్గరికొచ్చి, సరేలే అన్నయ్యా, పిల్లలిష్టం, మా దానికి నువ్వే ఒక సంబంధం చూసిపెట్టు అంది. చూస్తానన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ప్రతి వారం జాబితా వెళ్తుంటే, ఈసారైనా నీ పేరు చూపిస్తారని ఎదురు చూశాను. గీత చెరపాలని ఒక్కరోజు కూడా తట్టలేదు. గీయడం గుర్తుంది, చెరపడం అనేది మన పద్ధతిలోనే లేదు. జాబితా చూస్తే పక్షపాతమని చూడకుండా కూచున్నాను చూశావూ, అది న్యాయమనుకుని గర్వపడ్డాను కూడా. ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది.

నీ కాళ్ళు పట్టుకోవాలని ఉంది. మేనకోడలి కాళ్ళు పట్టుకోకూడదంటారు. ఏం చెయ్యను?

శ్రావణంలో వచ్చే మొదటి జాబితాలో నీ పేరు మొట్టమొదట వేయిస్తాను. వచ్చినవాళ్ళందరికీ నోరు విప్పి నేనే చెప్తాను, ఇది నా మేనకోడలు, ఇలాంటి పిల్ల మీకు దొరకదని. నా నియమం గోదాట్లో కలవనీ.

మామయ్య.

*

కాకినాడ,
4 ఆగస్టు, సోమవారం.

మామయ్యకి,

వారం రోజులు మీకు రాయబుద్ధి కాలేదు. కోపం పోయిందని అబద్ధం చెప్పను. పొద్దున్న ఉండదు, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది.

నా పేరు మొదట వేయించకండి. వరసలో ఎక్కడ రావాలో అక్కడ రానివ్వండి. ఎవరైనా వేలు పెడితే మాట్లాడండి, పెట్టకపోతే వాళ్ళ ఇష్టం. ఇప్పుడు పెట్టకపోయినా నాకు బాధ ఉండదు. చూసి పెట్టకపోవడం వేరు.

తప్పు నాది కూడా ఉంది. గుర్తంటే ఏమిటో మిమ్మల్ని అడక్కుండా నోట్ రాశాను. ప్రశ్న మామూలు తెలుగులో అడగొచ్చని అందరికీ చెప్తూ తిరుగుతాను, అడగాల్సిన ప్రశ్న నేనే అడగలేదు. అందుకని పోయిన వారమంతా మీరు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాక సూర్యకళ చేత పదకొండు పుస్తకాలూ తిరగేయించాను. దాన్ని కోప్పడకండి. గుర్తు అన్న ఒక్క గడి తీసేసి, పసుపు అని ఒకటి, ఎర్ర గీత అని ఒకటి, గీత పక్కన రాసిన బావ పేరు అని ఒకటి పెట్టించాను.

నిన్న ఇక్కణ్ణుంచి ఒక ప్రశ్న అడిగాను. 'ఎర్ర గీత ఉండి, ఆ బావకి వేరేచోట పెళ్ళయిపోయిన ఆడపిల్లలు ఎవరు?' అని. అది పిల్ల పేజీ, బావ పేజీ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అలా చూడాలని మనకెవరికీ తోచలేదు. పంతొమ్మిది పేర్లు వచ్చాయి. నాది పదకొండోది.

పై నుంచి రెండో ఆవిడ ఉమాశ్రీగారు, కొత్తపేట, మొదటి పుస్తకం. ఆవిడకిప్పుడు నలభై ఏడు. సున్నా జాబితాలు. ఈ పంతొమ్మిది మందిలో కొందరికి బయట పెళ్ళిళ్ళయి ఉండొచ్చు, అలా అయితే సంతోషం. కానివాళ్ళకి మాత్రం ఎవరు చెప్తారు? పేర్లూ చిరునామాలూ ఇందులో పెడుతున్నాను. మీరు చెప్తారా, నేను చెప్పనా?

చందన.

*

రాజమండ్రి,
7 ఆగస్టు, గురువారం.

చి. చందనకి,

నీ కాగితం మంగళవారం అందింది. నిన్న కొత్తపేట వెళ్ళాను. సూర్యకళని తోడు తీసుకెళ్ళాను, నా చెవులకి వినపడనిది తను గట్టిగా చెప్తుందని.

ఉమాశ్రీకి పెళ్ళి కాలేదు. ఇంటి దగ్గరే పిల్లలకి సంగీతం చెప్పుకుంటోంది. నన్ను చూడగానే లేచి నిలబడి, మాస్టారూ మీరా అండీ అని కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. కాఫీ తాగాక చెప్పాను. గీత, బావ, జాబితా, అన్నీ వరసగా చెప్పాను, దాచలేదు. తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా సరేననుకునే వెళ్ళాను. ఆ అమ్మాయి శ్రుతిపెట్టె మూత వేసింది. తర్వాత ఏదో అంది. నాకు వినపళ్ళేదు. సూర్యకళ కూడా చెప్పలేక కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ అనమ్మా అన్నాను. అప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి అంది.

'అయితే నన్ను ఎవరూ వద్దనలేదన్నమాటే కదండీ?'

లేదమ్మా అన్నాను. ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడిగింది. వాళ్ళమ్మ పోయేదాకా మా పిల్లలో ఏ లోపం చూసి వదిలేశారో అని ఏడ్చేదిట. ఆవిడ ఫొటో దగ్గర పెట్టుకుంటానంది. రాసిచ్చాను. ఫలానా ఉమాశ్రీని ఎవరూ కాదనలేదు, ఆమె పేరు నా పొరపాటు వల్ల ఎవరికీ చూపించబడలేదు, అని రాసి కింద సంతకం పెట్టి తేదీ వేశాను. ఇన్నేళ్ళలో నేను ఎన్నో లగ్నపత్రికలు రాయించాను గానీ, ఈ రెండు లైన్లకి మూడు కాగితాలు పాడుచేశాను.

ఇంకా పద్దెనిమిది ఇళ్ళున్నాయి. వరసన అన్నిటికీ నేనే వెళ్తాను. నువ్వు చెప్పక్కర్లేదు.

ఆదివారం పదింటి బస్సుకి కాకినాడ వస్తున్నాను. నీకూ ఒక కాగితం రాశాను, అది నీ కోసం కాదు, మీ అమ్మ కోసం. వరహాలుని ఆ రోజు ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో ఉండమను. నేను వస్తున్నానని మాత్రం చెప్పు, ఎందుకో చెప్పకు.

మీ మామయ్య,
ఆంజనేయులు.